ముత్తక్క ఊడబీకిన రంగు చుక్కలు

కొత్త వస్తువు ఏది చేతికొచ్చినా ముత్తక్క చేసే మొదటి పని, దుకాణం వాళ్లు దాని మీద అంటించిన చీటీ ఊడబీకడం. బిందె కానీ, గిన్నె కానీ, గొడుగు కానీ, ఏదైనా సరే. గోటితో గీకుతుంది. రాకపోతే కొబ్బరినూనె రాసి రుద్దుతుంది. చీటీ ఉన్నంతకాలం అది దుకాణం వాడిదే, మన ఇంటిది కాదని ఆమె వాదన. ఒకసారి ఆమె భర్త కిష్టన్న సిరోంచ నుంచి గోడ గడియారం తెస్తే, చీటీతో పాటు కంపెనీ పేరు కూడా గీకేసింది. ఆ గడియారం ఏ కంపెనీదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

సరిహద్దు అవతల మరాఠీ నేల మీద, బామ్ని దాటాక లోపలికి ఉండే ఒక చిన్న పల్లెలో, నాలుగో తరగతి దాకా ఉన్న బడిలో ముత్తక్క ఆరేళ్లుగా ఖిచిడీ వండుతోంది. నలభై దాటిన మనిషి. గొంతు పెద్దది, కోపం ముక్కు మీద ఉంటుంది, పిల్లలకు మాత్రం అడిగినంత వడ్డిస్తుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదువుకున్న అక్షరాలు మరాఠీవి. ఆ పక్క ఊళ్లలో అందరి సంగతీ అంతే. చదువు అంటే ఎంతో కాదులెండి. మూడో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడు, వాణ్ని చంకనేసుకోవడానికి మనిషి కావాల్సి వచ్చింది, ఆ మనిషి ఈమె అయింది. పరీక్షే రాయలేదు కాబట్టి తప్పిందని కూడా అనలేం. కానీ ఎవరైనా అడిగితే "మూడోది ఫేలు" అనేస్తుంది. ఆ తర్వాత ఇంకేమీ అడగరని.

2007 జూలైలో ఆ బడికి ఒక రేకు పెట్టె వచ్చింది. చంద్రపూర్ నుంచి ఒక సంస్థ వాళ్లు పంపారు. అందులో ఎనభై పుస్తకాలు, అన్నీ మరాఠీవి. రాజులు, దయ్యాలు, మాట్లాడే నక్కలు ఒక్కదాంట్లో కూడా లేవు. చీమ ఇల్లెలా కడుతుంది, బావి ఎలా తవ్వుతారు, పాలు పెరుగెలా అవుతాయి, రైలు ఎలా నడుస్తుంది, అన్నీ ఇలాంటివే. సంస్థ వాళ్లు నాలుగు చోట్ల నుంచి ఏరి తెచ్చి, ఒక్కోటీ చదివి, ఏది సులువో ఏది కష్టమో తేల్చి, నాలుగు మెట్లు చేశారు. మొదటి మెట్టుకు ఆకుపచ్చ, రెండోదానికి పసుపు, మూడోదానికి ఎరుపు, నాలుగోదానికి నీలం. అట్ట మూలన రూపాయి బిళ్లంత రంగు కాగితం చుక్క అంటించారు. పిల్లలు ఒక రంగు పూర్తి చేసి ఇంకో రంగుకు ఎక్కాలి.

బడి పంతులు సుధాకర్ సార్ ఈ రంగుల సంగతి పిల్లలకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆయన చెబుతున్నప్పుడు ముత్తక్క వంట షెడ్డులో పప్పు పొంగకుండా చూస్తోంది. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. పెట్టెలో పైన ఉన్న దొంతర చిన్నపిల్లలది, అడుగున ఉన్నది పెద్ద పిల్లలది. గిన్నెలు తోమడం అయ్యాక ఆమె వరండాలో కూర్చుంటే, సార్ పై దొంతర లోంచి ఒకటి తీసి ఇచ్చేవాడు. "సదువు అక్కా, అక్షరాలు యాదికుంటయి" అనేవాడు. ఆమె వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదివేది. మూడు నెలల్లో పన్నెండు పుస్తకాలు చదివింది. కిష్టన్న ఎగతాళి చేశాడు కానీ, వరండాలో చదివే ఆ గంటసేపటి కోసం ఆమె గిన్నెలు ఎంత తొందరగా తోమేదో సార్‌కు తెలుసు. అడుగు దొంతర జోలికి మాత్రం ఎప్పుడూ పోలేదు. అవి తనవి కావని ఆమెకు ఎవరూ చెప్పలేదు, తనే అనుకుంది.

దసరా ఆదివారం పడింది. ముందు రోజు శనివారం నవమి, బడిలో సరస్వతీ పూజ. శుక్రవారం సాయంత్రం సార్ సైకిల్ ఎక్కుతూ ఒక మాట అన్నాడు.

"అక్కా, సోమవారం చంద్రపూర్ మేడం వస్తున్నది, పుస్తకాలు జూడనీకి. రేపు పూజ ఉన్నది. జర మంచిగ సర్దిపెట్టు."

అంతే. ఆ ఒక్క మాట చాలు ముత్తక్కకు. శనివారం తెల్లారేసరికే బడి తాళం తీసింది. పూజలో పెట్టే వస్తువు ముందు శుభ్రం కావాలి కదా! గరిటెలు తోమింది, పలకలు కడిగింది, బడి గంట తుడిచింది. ఆఖరుకు రేకు పెట్టె తెరిచి ఎనభై పుస్తకాలూ చాప మీద పరిచింది. ప్రతి అట్ట మూలనా రంగు రంగుల చీటీ! మూడు నెలలైంది, దుకాణం చీటీలు ఇంకా అట్లే ఉన్నాయి! సార్ చదువుకున్న మనిషే కానీ ఇంటి పని తెలియదు, పాపం. కొబ్బరినూనె సీసా తెచ్చింది. గంటన్నర పట్టింది. ఎనభై చుక్కలూ ఊడబీకి పొయ్యిలో వేసింది. ఆ మూలనే పసుపు రాసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టింది. పెద్దవి కింద, చిన్నవి పైన, గుడి మెట్లలా ముచ్చటగా పేర్చింది. దూరం నుంచి చూసుకుని మురిసిపోయింది కూడా.

సార్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంది సారూ, గట్ల నిలవడ్డరు? మంచిగ లేదా?"

"అక్కా... చుక్కలేవి?"

"ఏం చుక్కలు? గా చీటీలా? పీకిన. పొయ్యిల ఏసిన."

సార్ నెమ్మదిగా గుమ్మం మీద కూర్చున్నాడు. ఒక పుస్తకం తీసి తిప్పి చూశాడు. పసుపు, ఎరుపు. ఇంకోటి తీశాడు. పసుపు, ఎరుపు. ఇప్పుడు ప్రతి పుస్తకమూ రెండో మెట్టే, ప్రతి పుస్తకమూ మూడో మెట్టే. ఆయన కోప్పడలేదు. కోప్పడితే ముత్తక్క కూడా నాలుగు మాటలని సర్దుకునేది. ఆయన నెమ్మదిగా విడమరిచి చెప్పాడు, అదే ప్రాణం తీసింది. ఏ పుస్తకం ఏ మెట్టుదో రాసిన కాగితం మేడం దగ్గరే ఉంది. తనకు సగమే గుర్తున్నాయి. మెట్ల ప్రకారం పిల్లలు చదువుతున్నారా లేదా అన్నదే మేడం చూడ్డానికి వచ్చేది. అల్లపల్లి దిక్కు ఒక బడి వాళ్లు ఈ పెట్టె కోసం ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఇక్కడ పుస్తకాలు చిందరవందరగా ఉన్నాయనిపిస్తే, అటు పంపేస్తారు.

ముత్తక్కకు తల కొట్టేసినట్టయింది. పూజలో పిల్లలు పాట పాడుతుంటే ఆమె వంట షెడ్డులోనే ఉండిపోయింది.

దసరా రోజు ఊరంతా కొత్త బట్టల్లో ఉంటే ఈమె బడి తాళంచెవి కొంగున కట్టుకుంది.

"పండుగ పూట బడికేందే? దిమాక్ ఖరాబైందా?" అన్నాడు కిష్టన్న.

"అయింది. నువ్వే వండుకో," అని వెళ్లిపోయింది.

పుస్తకాలన్నీ కింద పోసి మధ్యలో కూర్చుంది. ఎట్లా విడదీయాలి? ఆమెకు తోచింది ఒకటే దారి. తను చదవగలిగితే అది పిల్లలూ చదవగలిగేదే, సులువైనది. మాట మాటకూ ఆగిపోతే కష్టమైనది. ఒక్కొక్కటే తీసి చదవడం మొదలుపెట్టింది. రైలు పుస్తకం మొదటి పేజీలోనే ఆపేసింది. సిగ్నలు, ప్లాట్‌ఫారం, బోగీ... రైలు మొహం చూసిన మనిషి కాదు, ఏం చదువుతుంది? అవతల పెట్టింది. ఆ తర్వాత వరి గురించిన పుస్తకం దొరికింది. నారుమడి నుంచి బస్తా దాకా. చదువుతూనే దానితో తగువు పెట్టుకుంది.

"ఇరవై దినాలకు నారు తియ్యాల్నట! వాన పడకపోతె ఏం జేస్తవ్? నెత్తిల వెట్టుకుంటవా? ఈడు ఎన్నడన్న నాటేసిండా అసలు!"

తలుపు తీసి ఉండడం, లోపల ముత్తక్క ఒక్కతే ఎవరినో తిట్టడం చూసి పిల్లలు చేరారు. ముందు వచ్చింది సాయిమా. రోడ్డు మీద సైకిల్ దుకాణం రషీద్ కూతురు, నాలుగో తరగతి.

"ఏమైంది పెద్దమ్మా?"

దాచి ఏం లాభం? చెప్పేసింది. "నేనే పీకిన బిడ్డా. రేపు పెట్టె తీస్కపోతరట."

సాయిమా ఆగలేదు. బయటికి పరుగెత్తి అందర్నీ రమ్మని అరిచింది. పావుగంటలో పద్దెనిమిది మంది పిల్లలు లోపలున్నారు. సగం మంది నోట్లో గారెలున్నాయి. ఇక చూడండి గోల! "గిది నేను సదివిన, అల్కగుంటది, ఇట్టే వస్తది." "నీకు అల్కనే, నాకు రాలె." సైకిల్ పుస్తకాన్ని సాయిమా తీసుకుపోయి మొదటి కుప్పలో పెట్టింది. చేపల పుస్తకాన్ని ఏటి ఒడ్డు పిల్లలు అటే లాగారు. రైలు పుస్తకాన్ని అందరూ కలిసి ఆఖరి కుప్పలోకి తోశారు. ఇంతవరకు ఎవరూ తీసుకోని పుస్తకాలు కొన్ని ఉన్నాయి, వాటిని ముత్తక్క పెట్టిన చోటే వదిలేశారు. పొద్దు వాలేసరికి నాలుగు కుప్పలు తయారయ్యాయి. జమ్మి ఆకు ఇవ్వడానికి వచ్చిన సార్, కుప్పల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"తప్పులుంటయేమో అక్కా."

"ఉంటయి సారూ. నాకు ఎర్కే."

సోమవారం పదకొండింటికి మేడం దిగింది. పేరు స్వాతి. సన్నగా ఉంది, మాట తక్కువ, చేతిలో కాగితం ఉంది. మొదటి కుప్ప ముందు కూర్చుని ఒక్కో పుస్తకమూ తీసి కాగితంతో సరిచూడడం మొదలుపెట్టింది. సరిపోయినవి కుడివైపు, సరిపోనివి ఎడమవైపు. ఎడమవైపు పెరుగుతున్న కొద్దీ గుమ్మం దగ్గర నిలబడ్డ ముత్తక్క వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. నాలుగు కుప్పలూ అయ్యేసరికి ఎడమవైపు పదకొండు చేరాయి.

మేడం తలెత్తి మరాఠీలో అడిగింది. "చుక్కలు ఏమయ్యాయి?"

సార్ ఏదో సర్దిచెప్పబోయాడు. ముత్తక్క ముందుకొచ్చేసింది. వచ్చిన మరాఠీ, రాని చోట తెలుగు కలిపి గడగడా చెప్పేసింది. "సార్ తప్పేం లేదు మేడం. నేను పీకిన. దుకాణం చీటీలు అనుకున్న. పొల్లగాండ్ల తప్పు గూడ ఏం లేదు. తిడితే నన్ను తిట్టుర్రి, పెట్టె మాత్రం తీస్కపోకుర్రి."

మేడం అంతా వింది. ఎడమవైపు నుంచి సైకిల్ పుస్తకం తీసింది. "ఇది మూడో మెట్టుది. మొదట్లో ఎవరు పెట్టారు?"

సాయిమా చేయెత్తింది. ఎందుకని మేడం అడిగితే చైను, పెడలు, బేరింగు, ఊచలు అన్నీ బొమ్మ చూడకుండా చెప్పి, పేజీ మొత్తం ఆగకుండా చదివేసింది. రైలు పుస్తకం గురించి అడిగితే ఒక చిన్నవాడు లేచి, "మేడం, రైలు అంటే ఎంత పొడుగుంటది?" అని ఎదురడిగాడు. మేడం నవ్వింది. ఎడమవైపు పుస్తకాల గురించి వరసగా ఇలాగే అడిగింది. ఒక్కోదానికీ ఒక్కో కారణం వచ్చింది. చివరికి కాగితం తిప్పి, వెనక ఏదో రాసుకుంది.

"సార్, ఈ మెట్లు మేం చంద్రపూర్‌లో కూర్చుని వేసినవి. మీ పిల్లలకు ఏది సులువో మాకెలా తెలుస్తుంది? చదవకపోతే వీళ్లు ఇలా వాదించలేరు. ఇకపై ఇక్కడ వీళ్లు పెట్టిన వరసే ఉండనివ్వండి. పెట్టె ఎక్కడికీ వెళ్లదు."

అమ్మయ్య! ముత్తక్కకు రెండు రోజులుగా గుండెల మీదున్న బండ దిగింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సార్ ముఖం తుడుచుకున్నాడు. పిల్లలకు మాత్రం ఆకలి గుర్తొచ్చింది.

అప్పుడు మేడం ఎడమవైపు మిగిలిపోయిన ఒక్క పుస్తకం చేతిలోకి తీసుకుంది. "ఇదొక్కటి అడగడం మరిచిపోయా. మొదటి కుప్పలో ఉంది. ఎవరు పెట్టారు?"

వరి పుస్తకం. పిల్లలందరూ ముత్తక్క వైపు చూశారు.

"నేనే మేడం. గది గూడ తప్పేనా?"

"ఎందుకు పెట్టారు?"

"అల్కగున్నది గదా. ఆఖరిదాంక సదివిన."

మేడం పుస్తకం ఆమె చేతికిచ్చింది. ముత్తక్క వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. నారు దగ్గర ఆగి, "గిది మాత్రం తప్పు రాసిండ్రు మేడం," అని తన తగువు చెప్పి, మళ్లీ చదివింది. పొట్ట, ఈనిక, కోత, కుప్ప నూర్పిడి. నాలుగు పేజీలు అయ్యాక తలెత్తేసరికి అందరూ తన వైపే చూస్తున్నారు.

"అక్కా," అన్నాడు సార్, "గది నాలుగో మెట్టుది."

"ఊకోర్రి సారూ."

మేడం కాగితం ముందు పెట్టింది. నీలం రంగు వరసలో, ఆఖరున వరి పుస్తకం పేరు. ముత్తక్క ఆ పేరు కూడబలుక్కుని చదివింది, పైన అంకె చదివింది, మళ్లీ పేరు చదివింది. చుక్క ఉండి ఉంటే, అది పెట్టె అడుగునే ఉండి ఉంటే, దాన్ని ఆమె ముట్టుకునేది కూడా కాదు. పుస్తకాన్ని కళ్లకద్దుకుంది.

"ఈ మెట్టుల ఇంకెన్ని ఉన్నయి సారూ?"

"పంతొమ్మిది."

"సరె తియ్యిర్రి," అంది ముత్తక్క, వంట షెడ్డు వైపు నడుస్తూ. "పెట్టె ఈడనే ఉంటది గదా. ఇగ తొందరేమున్నది!"