ముందుగదికి నా మొదటి అలంకారం

ఆ రోజుల్లో మా నిజామాబాద్‌లో ఇంటి అలంకారమంటే పండక్కి గోడకు సున్నం, కొత్త సంవత్సరానికి ఒక క్యాలెండరు. అంతకు మించి కోరుకునేవాళ్ళకు వేరే పనేమీ లేదని జనం అనుకునేవాళ్ళు. అలాంటి ఊళ్ళో, పీయూసీ ఎట్లాగో గట్టెక్కిన నేను, హైదరాబాద్ పోయి గృహాలంకరణ చదువుతాను, దాంతోనే ఉద్యోగం చేస్తానని ఇంట్లో ప్రకటించాను. "గదులు సదురుడుకు సదువా? మీ అవ్వ పొద్దుగాల లేస్తె గదే పని చేస్తది. ఆమెకెవడన్న పట్టా ఇచ్చిండా?" అన్నాడు బాపు. మా దిక్కు అవ్వంటే అమ్మ, బాపంటే నాన్న. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. (ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడైతే రెండు పూటలు అన్నం మానేశాను.)

దరఖాస్తు ఫారంలో ఒక మెలిక ఉంది. నేను స్వయంగా మార్చిన ఒక గది బొమ్మ గీసి పంపాలి, ఆ గది వాడేవాళ్ళ అభిప్రాయం వాళ్ళ మాటల్లోనే రాయాలి, కింద తండ్రి సంతకం ఉండాలి. బాపు తన మెలిక కూడా కలిపాడు. "మీ అవ్వ మంచిగున్నదంటె సంతకం పెడ్త. లేకుంటె సప్పుడు జేయక టీచర్ ట్రైనింగుకు పో." మాకున్నది ఒకటే ముందుగది. అందులో అవ్వ, పక్కింటి చిన్నమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఒళ్ళో చేటలు పెట్టుకుని, వెలుతురు కోసం గడప దగ్గర ఒకరినొకరు ఒరుసుకుంటూ రోజంతా బీడీలు చుట్టేవాళ్ళు.

వాళ్ళు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయిన పూట నేను రంగంలోకి దిగాను. పాత చీర చింపి, ఒక్క పూటే ఎండ తగిలే చిన్న కిటికీకి పరదాలు కట్టాను. చీకటి మూలలో స్టూలు వేసి పూలు పెట్టాను. ఆ మూలలో ఉన్న తడి గోనెసంచి మూట నా కంటికి మహా వికారంగా కనబడింది. దాన్ని కిటికీ కిందికి లాగి, లోపలి తునికాకు పచ్చగా కనబడితే అందంగా ఉంటుందని మూట విప్పి కూడా పెట్టాను. ఆకు తడి ఆరితే బీడీకి పనికిరాదని పుట్టినప్పటినుంచీ చూస్తున్నదాన్నే, కానీ అందం తలకెక్కితే కళ్ళు పనిచేయవు. వాళ్ళు తిరిగొచ్చేసరికి ఆకంతా అప్పడాల్లా ముడుచుకుని ఉంది.

"పూలకు నీడ, ఆకుకు ఎండనా? సదువుకున్నోళ్ళ తెలివి గిదేనా పొల్లా?" అంది చిన్నమ్మ. అవ్వ తిట్టలేదు. ఆకు మీద నీళ్ళు చల్లుతూ, "నీకు గది కనవడ్డది గని, గదిల మేం కనవడలేదా బిడ్డా?" అంది. ఆ మాటకు నాకు చచ్చేంత సిగ్గేసింది. పరదాలు నేనే పీకేశాను. పట్టుదల మాత్రం పీకలేదు.

మూడు రోజులు దర్జీ టేపు పట్టుకుని వాళ్ళ పక్కనే కూర్చున్నాను. ఎవరు కాళ్ళు చాపుతారు, ఎవరి నడుము నొప్పి, కత్తెర నీడ ఆకు మీద ఎటు పడుతుంది, అన్నీ రాసుకున్నాను. గడప మీద వాళ్ళకు ప్రేమేమీ లేదు. వెలుతురు అక్కడే ఉంది, అంతే. మరి వెలుతురునే లోపలికి తేవాలి. చర్చి కప్పు వేసినప్పుడు మిగిలిన గాజు పెంకు ఒకటి పాస్టరమ్మను బతిమాలి తెచ్చి, లంగా ఎగ్గట్టి ఇంటి మీదికెక్కాను. సరిగ్గా అప్పుడే బాపు బోధన్ బస్సు దిగి వచ్చాడు.

"దిగు! కాళ్ళిరుగుతయ్!"

"దిగ. ముందుగాల నిచ్చెన పట్టుకో బాపూ!"

పట్టుకున్నాడు పాపం. నేను ఒక మట్టి పెంకు తీసి, ఆ చోట గాజుది పెట్టాను.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు వచ్చారు. నలుగురూ గడప వదిలి లోపలికి నడిచి, గోడకు నడుము ఆనించి, పైనుంచి పడుతున్న వెలుతురులో చేటలు పెట్టుకున్నారు. నేను కలం పట్టుకుని అవ్వ ముందు నిలబడ్డాను. "ఎట్లున్నదో చెప్పు, పొల్ల రాసుకుంటదట," అన్నాడు బాపు.

అవ్వ తలెత్తలేదు. "ఏం ఎట్ల? జర పక్కకు జరుగుమను, ఎలుగుకు అడ్డమున్నది."

బాపు కాసేపు పైకి చూశాడు, కాసేపు అవ్వ వేళ్ళు చూశాడు. నా చేతిలోంచి కలం లాక్కుని సంతకం పెట్టాడు. అవ్వ అన్న మాట అక్షరం మార్చకుండా ఫారంలో రాశాను. ఇంటర్వ్యూలో ఒక పెద్దావిడ అది చదివి పగలబడి నవ్వి, బొమ్మ మళ్ళీ ఒకసారి చూసి, నాకు సీటిచ్చింది.

ఇప్పుడు నేను చేసిన ఇళ్ళను చూసి జనం పెద్ద పెద్ద మాటలతో మెచ్చుకుంటారు. నేనూ పెద్దదాన్నయ్యాను, ఒక్క పెంకు కదపాలన్నా ముగ్గురు ఇంజినీర్లను అడుగుతాను. ఇల్లెక్కిన ఆ పొల్ల ఎవర్నీ అడగలేదు. ఆమెను తలుచుకుంటే నవ్వొస్తుంది. నవ్వు ఆగాక, ఆమె నన్ను చూస్తే ఏమంటుందోనని కాస్త భయం కూడా వేస్తుంది.