ఆ మాట అడిగిన మధ్యాహ్నం

మా వదిన బట్టలు కుడుతుంది. కింద కొట్టు, పైన ఇల్లు. నేను గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి, తీరిక దొరికితే ఆవిడతో వాదిస్తుంటాను. ఆడబిడ్డనన్నాక ఆ మాత్రం హక్కు ఉండాలి కదా. బట్ట మీద పోగు లేస్తే ఇట్టే కనిపెట్టే మనిషి, ఎదుటివాళ్ల ముఖం చూడమంటే మాత్రం మెడ కొలత చూస్తుంది.

ఆవిడ కూతురిని చిన్నప్పుడు వసపిట్ట అనేవాళ్లం. కాలేజీలో చేరాక ఆ నోరు మూతపడింది. తిండి లేదు, నిద్ర లేదు, ఏమైందంటే ఏం లేదనేది. అలాంటిది ఆమధ్య ఉన్నట్టుండి తేరుకుంది. అందరితో మెత్తగా మాట్లాడింది. రంగుల పెట్టె ఒకరికి, హెడ్‌ఫోన్లు ఇంకొకరికి ఇచ్చేసింది. "నా కూతురిది వెన్నలాంటి మనసు" అని కొట్టుకొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పి వదిన మురిసిపోయింది.

ఆ మధ్యాహ్నం పక్కింటి అమ్మాయి నీలం గౌను తెచ్చి నడుము దగ్గర బిగించమంది. వదిన దాన్ని తిరగేసి, కుట్టు చూసి ఆగిపోయింది. కూతురు పోరుపెట్టి లోపల రెండు జేబులు పెట్టించుకున్న గౌను అది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"ఇది నీకెక్కడిదే?"

"అక్క ఇచ్చేసింది ఆంటీ. ఇంక తనకి దీంతో పనుండదంట. తన పిల్లికి రోజూ పాలు కూడా నన్నే పొయ్యమంది."

అప్పటిదాకా ఇచ్చేసినవన్నీ వరసగా గుర్తొచ్చి వదిన ఊళ్లో లేని మా అన్నయ్యకి ఫోన్ చేసి, ప్రాణం మీదకి తెచ్చుకుంటుందేమో, పిల్లని అడిగేస్తానంది.

"ఆ మాట ఎత్తకు! లేని ఆలోచన నువ్వే పుట్టిస్తావు" అని ఆయన అరిచాడు.

"ఇప్పటికే ఉంటే?" అని వదిన ఫోన్ పెట్టేసింది.

మా అన్నయ్య మంచివాడే, భయమేస్తే అరుస్తాడంతే. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదని తర్వాత డాక్టరమ్మ చెప్పింది. ఆ పూట మాకది తెలియదు.

వదిన పైకెళ్లి పిల్ల గది తలుపు తట్టింది, వెనకే నేను. చప్పుడు లేదు. మళ్లీ తట్టింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు తలుపు తెరుచుకుంది. గది మునుపెన్నడూ లేనంత శుభ్రంగా సర్ది ఉంది.

వదిన నేల మీద కూర్చుని, పక్కన కూర్చోమంది.

"చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?"

పిల్ల గోడవైపు తిరిగింది.

"అవును."

వదిన నోరు తెరిచింది. 'నీకేం తక్కువ చేశామే' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసిందని ఆ పెదాలు చూస్తేనే తెలిసింది. మింగేసింది. "చెప్పు, వింటాను" అంది.

చెప్పింది. చదువు, స్నేహితుల ఎగతాళి, అన్నిటినీ మించి తను అందరికీ బరువన్న ఆలోచన. వదిన మధ్యలో ఒక్క సలహా ఇవ్వలేదు. నా నోరు మాత్రం దురదపెట్టి చచ్చింది, అయినా నొక్కిపెట్టుకున్నాను. పిల్ల ఏడుపు మొదలయ్యాక వదిన నాకు సైగ చేసింది. ఇంట్లో ప్రమాదమనిపించినవన్నీ తీసి నా గదిలో పెట్టి తాళం వేశాను.

"డాక్టర్ దగ్గరికి ఇప్పుడే వెళ్దాం. నిన్ను ఒంటరిగా వదలను" అంది వదిన.

"నలుగురూ పిచ్చిదంటారమ్మా."

"అననీ. అన్నవాళ్లందరికీ జాకెట్లు ఊపిరాడకుండా బిగించి కుడతా."

ఏడుస్తూనే పిల్లకి నవ్వొచ్చింది. కొట్టు మూసి ముగ్గురం ఆస్పత్రికి వెళ్లాం. అన్నయ్య ఉద్యోగం చేసే ఊరి నుంచి అటే వచ్చాడు. ఈసారి అరవలేదు, కూతురి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

ఒక్క మందుబిళ్లతో తీరే సంగతి కాదది. ఇప్పటికీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నారు. కొన్ని రోజులు బాగుంటాయి, కొన్ని ఉండవు. బాగుండని రోజు మళ్లీ ఏం లేదంటుందేమోనన్న భయం వదినని వదల్లేదు.

మొన్న కొట్టు నిండా జనం. ఒకావిడ రెండు చేతులూ చాపి కొలతలిస్తోంది. పిల్ల మెట్లు దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, ఇవాళ నాకు బాలేదు" అంది, అందరి ముందూ.

వదిన టేపు అక్కడే వదిలేసి దాని దగ్గరికి వెళ్లింది. "ఇదిగో, వస్తున్నా" అని చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. ఆ కొలతలు నేను తీశాను.