రేకు మూత మీది మాట

తొర్రూరు బస్టాండులో ఖమ్మం బస్సు ఆగే చోట కళావతి సకినాలు అమ్ముతుంది. విరిగిన సకినాన్ని ఆమె ఎన్నడూ అమ్మదు. విరిగినవన్నీ పళ్లెంలో వేసి, దిగేవాళ్లకూ ఎక్కేవాళ్లకూ రుచి చూడమని ఇస్తుంది. ఇస్తూ ఒకే మాట అంటుంది: “ముందుగాల తిను, గప్పుడే కొను.” పదిహేడేళ్లుగా ఆ మాట బస్సుల దుమ్ములో నువ్వుల వాసనలా కలిసిపోయింది.

పోయిన ఎండాకాలం ఊళ్లో కొత్తగా తెరిచిన మిఠాయి దుకాణం తన సకినాల ప్యాకెట్ల మీద అదే మాట అచ్చేసింది. కళావతి ఒక ప్యాకెట్ తెప్పించుకుని, తన చీర ఇంకెవరో కట్టుకుని ఎదురొచ్చినట్టు దాన్ని చాలాసేపు చూసింది.

కూతురు రజని మాత్రం ఊరుకోలేదు. హనుమకొండలో ఒక వకీలును కలిసి వచ్చింది. మాటను కూడా ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవచ్చట. ఆ దుకాణం ముందే చేసుకుంటే, రేపు కళావతికే ఆ మాట వాడొద్దని నోటీసు రావచ్చట. ఎప్పటినుంచి వాడుతున్నారో రుజువు కావాలట.

రుజువు సకినాల డబ్బా మీదే ఉంది. రేకు మూతపై ఆ మాటను ఎర్ర రంగులో రాసిన పెయింటర్ ఇమ్మానుయేల్, ప్రతి బోర్డు మీదా వేసినట్టే, మూలన తన పేరూ సంవత్సరమూ వేసుకున్నాడు. నూనె మరకల కింద 2008 ఇంకా చెరగలేదు.

కాగితాలు తయారై బస్టాండుకే వచ్చాయి. ఈ మాట పుట్టించింది నేనేనని రాసి ఉన్న చోట రజని వేలు పెట్టి చూపించింది. కళావతి పెన్ను పట్టుకుని ఆగిపోయింది.

భర్త చనిపోయిన ఏడాది ఆమె ఇక్కడ కూర్చుంటే గొంతు పెగలలేదు. పక్కన పల్లీలు అమ్మే సోమ్లీ తన గంప వదిలేసి, ఈమె పళ్లెం పట్టుకుని బస్సు కిటికీల వెంట నడిచేది. ఆ మాట పుట్టింది ఆ కిటికీల కిందే, సోమ్లీ నోట. ఆర్నెల్లకు కళావతికి గొంతు వచ్చింది. ఆ మాటతోనే వచ్చింది.

“గిది నేను పుట్టిచ్చింది కాదు బిడ్డా. అబద్ధం మీద సంతకం ఎట్ల పెడుత?”

రజని తల పట్టుకుని సోమ్లీని అడిగింది. ఆమె పల్లీలు చెరుగుతూనే నవ్వింది.

“నేనన్ననా గది? యాదికి లేదు. మీయమ్మ మూగదాని లెక్క కూసుంటే, ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలె గద.”

రజని వకీలుకు ఫోన్ చేసింది. ఇద్దరి పేర్ల మీదా దరఖాస్తు పెట్టవచ్చు, కానీ ఇద్దరిదీ ఒకటే వ్యాపారమై ఉండాలి అన్నాడతను. రజని ఆ సంగతి ఇంకా చెబుతుండగానే కళావతి లేచి, తన గోనెపట్టాను జరిపి సోమ్లీ పట్టాకు ఆనించింది. పల్లీల గంప పక్కన సకినాల డబ్బా పెట్టింది.

వారం తర్వాత కొత్త కాగితం వచ్చింది. ముందు సోమ్లీ వేలిముద్ర, కింద కళావతి సంతకం. అంతలో ఖమ్మం బస్సు మలుపు తిరిగింది. కళావతి పళ్లెం అందుకుంది.

“జర గట్టిగ అను కళావతీ,” అంది సోమ్లీ, వేలికంటిన సిరా కొంగుకు తుడుచుకుంటూ. “సగం నాది.”