గుర్వయ్య గొర్రె తోలు, ఏసోబు పుస్తకం

ఏసోబు మంత్రాల పుస్తకాలు దాచి, గుర్వయ్య మందను బాణామతితో చంపాడని కట్టంగూరులో ఇప్పటికీ అనేవాళ్లున్నారు. పుస్తకాలున్న మాట నిజం. గొర్రెలు చచ్చిన మాటా నిజం. ఆ రెంటినీ ముడిపెట్టడమే అబద్ధం. నిజంగా చేతబడి చేసినవాడైతే, ఆ గుర్వయ్యే తర్వాత అతనితో చెప్పులు కుట్టించుకునేవాడా?

నిజాం ఏలుబడిలో, పెద్ద యుద్ధం నడుస్తున్న ఏడు జరిగిందిది. ఏసోబుది తోలు పని. ఊరి బావుల్లో నీళ్లు తోడే తోలు మోటబొక్కెనలు అతని చేతివే. చచ్చిన జీవాల తోలు ఆనవాయితీగా అతని గుడిసెకే చేరేది. నల్లగొండలో కతోలిక ఫాదర్ల బంగళాకు పోయి గుర్రం జీను కుట్టేవాడు. కూలి ఇవ్వబోతే వద్దని, చెదపట్టి మూలన పడ్డ లాటిను పుస్తకం ఒకటి అడిగి తెచ్చుకునేవాడు. ఎప్పటివో పాత ఫాదర్లు ఓడలో తెచ్చుకున్న దైవశాస్త్రాలవి. దేవుడెట్లాంటివాడు, పాపమంటే ఏమిటి అని పెద్ద చదువుల వాళ్లు వాదించుకుంటూ రాసినవట. తంగేడు చెక్కతో పదును చేసిన తోలుతో వాటి అట్టలు అతికి, ఆముదం రుద్ది పెట్టెలో పెట్టేవాడు. పెట్టె నిండాక దూలం మీదికి ఎక్కించాడు.

"కూలి తెమ్మంటే కాయితాలు తెస్తడు. ఉడకేస్కొని తిందుమా?" అని భార్య జానమ్మ సణిగేది.

ఆ వానకాలం గుర్వయ్య మందకు రోగం తగిలింది. మొదట చచ్చిన గొర్రె తోలు ఏసోబుకు పంపాడు. ఆ తర్వాత రోజుకొకటి పోసాగింది. ఓ పొద్దున తెగిన చెప్పు పట్టుకొని వచ్చిన గుర్వయ్యకు, వాకిట్లో ఎండకు పెట్టిన పుస్తకం కనిపించింది. దాని వీపున కొత్త తోలు. తోలు మీద, రోగానికి తాను పెట్టిన వాత మచ్చ!

"నా గొర్రె తోలు నీ మంత్రాల బుక్కుకు తొడిగినవారా! గందుకే మందమందంత సస్తాంది!"

జనం పోగయ్యారు. పుస్తకాలన్నీ వాకిట్లో కుప్పపడ్డాయి. గుర్వయ్య పొయ్యిలోంచి కొరివి లాగాడు. బాణామతి పేరు పడినవాడికి పళ్లూడగొట్టి ఊరు దాటించడం జానమ్మ కళ్లారా చూసింది. పుస్తకాలు కాలితే కాలనీ; కానీ మంత్రాలవని కాల్చనిస్తే ఆ పేరు పడ్డట్టే, మొగుడు దక్కడు. వెళ్లి కుప్పకు అడ్డం నిలబడింది.

"అయ్యా, ముందుగాల గొర్రె సచ్చిందా, తోలు మా ఇంటికొచ్చిందా?"

"సచ్చినంకనే గద ఇచ్చిన!"

"మరి? చిట్యాల మందల్ల గూడ సస్తున్నయి. ఆళ్ల తోలు గూడ మేమే తొడిగినమా? అయినా గీయనకు ఒక్క అచ్చరం రాదు. ఏలిముద్రేసెటోడు మంత్రమెట్ల సదువుతడయ్యా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గుర్వయ్య కొరివి కిందికి దించాడు. ఊరంతా ఊహించుకుందే తప్ప అప్పటిదాకా ఎవరూ ఏసోబును అడగలేదు. జానమ్మ కూడా అడగలేదు.

"సదువు రానోనివి, నీకెందుకురా గిన్ని బుక్కులు?" అన్నాడు గుర్వయ్య.

ఏసోబు ఆ వాత మచ్చ పుస్తకం ఎత్తి, మట్టి దులిపాడు.

"లోపలిది సదివెటోళ్లు సదువుతరయ్యా. పైది జూడు, అంత తోలే. తోలు ముడతరని మమ్ముల మీ వాకిట్లకు రానియ్యరు. గా ఫాదర్లేమో దేవుని మాటను తోల్ల సుట్టి గుడిల వెట్టుకున్నరు. గసొంటి తోలు చెదలు తింటాంటె, నేను సూస్కుంట ఊకుందునా?"