చీకటి గది వదిన

ఆసుపత్రి రక్తపరీక్షల విభాగంలో ఆమెను అందరూ చీకటమ్మ అంటారు. పందొమ్మిదేళ్లుగా ఆమె గదిలో ట్యూబులైటు వెలగనివ్వదు, కిటికీకి ఎప్పుడూ నల్లగుడ్డే. ఆమె వాడే యాంటీబాడీలు అలాంటివి మరి. ఒక్కోటి రక్తంలో ఒక్కో రకం రక్షణ కణాన్ని వెతికి పట్టుకుంటుంది. ఆ యాంటీబాడీకి అతికించిన రంగు లేజరు తగలగానే మెరుస్తుంది. ఆ మెరుపును బట్టి యంత్రం ఏది ఏ కణమో చెబుతుంది. వెలుతురులో వదిలేస్తే రంగు పాడవుతుంది.

కొన్ని నెలల కిందట కొత్తగా వచ్చిన పెద్ద డాక్టరుకు ఈ సంగతి తెలియక కాదు, లెక్కలేదంతే. అతగాడు ఆమెకు సొంత మరిది. నాలుగేళ్లు ఆమె చేతివంట తిని, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కాలు తొడుక్కుని డాక్టరైనవాడు. ఇక్కడ మాత్రం వదిన కాదు, "ఏమ్మా". వచ్చిన రోజే "ఇదేం గబ్బిలాల కొంపమ్మా!" అని నలుగురిలో నవ్వాడు. ఆ నవ్వు ఆమె మరిచిపోలేదు, మరిచిపోదలచుకోనూ లేదు.

ఆ మంగళవారం ఒక బస్సు కండక్టరు రక్తం పరీక్షకు వచ్చింది. రక్షణ కణాల్లో బి రకం కణాల మీద టి రకం కణాల గుర్తు కనిపించింది. అలా కనిపిస్తే రక్త క్యాన్సరని అనుమానించాలి. ఆమె అనుమానం మాత్రం యాంటీబాడీ సీసా మీదికి పోయింది. బి కణాలను పట్టే ఆ యాంటీబాడీది జంట రంగు. వెలుతురు తగిలి జంట విడిపోతే, మిగిలిన రంగు అచ్చం టి కణాల గుర్తులాగే మెరుస్తుంది.

"సంతకం పెట్టమ్మా. పన్నెండుకల్లా రిపోర్టు ఇస్తానని మాటిచ్చాను," అన్నాడు మరిది.

"పెట్టను. సీసా పాడైంది."

"నీ చాదస్తం ఆపు. లేదంటే రేపట్నుంచి స్టోరులో దూది కట్టలు సర్దుకుందువుగాని."

ఆమెకు ఒళ్లు మండింది. నర్సు చేత తన రక్తమే తీయించుకుంది. అందులో ఆ సీసాలోది ఒక్కటే కలిపింది. టి కణాల యాంటీబాడీ జోలికే పోలేదు. అయినా కాసేపటికి తెర మీద అదే గుర్తు! కొత్త సీసాతో కండక్టరు రక్తం మళ్లీ చూస్తే ఆ గుర్తు లేనే లేదు.

"చూడు. నీ లెక్కన నాకూ క్యాన్సరే. మీ అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పు."

అతని మొహం మాడిపోయింది. అయినా వరండాదాకా వినపడేలా అరిచాడు. "అంటే సీసా వెలుతురులో పడేసింది నువ్వేనన్నమాట!"

ఆ గదిలో ఎవరు కొత్త సీసా తెరిచినా మూత మీద తేదీ, పేరు రాయాలి. అది ఆమె పెట్టిన నియమం. సీసా ఎత్తి అతని కళ్లముందు పెట్టింది. నిన్నటి తేదీ, అతని వంకర రాత. నిన్న ఆమె సెలవులో ఉంటే, వచ్చిన అతిథుల ముందు లైట్లన్నీ వేసి ఆ సీసా తెరిచింది అతనే.

గొంతు తగ్గించాడు. "వదినా... ఇంట్లో మాట్లాడుకుందాం."

ఆ పిలుపు కోసం ఆమె ఇన్ని నెలలూ ఎదురుచూసింది. తీరా వినేసరికి అసహ్యమేసింది. పొరపాట్ల రిజిస్టరు తీసి అతని చేతిలో పెట్టింది.

"మీరే రాయండి, డాక్టరుగారూ. వెలుతురు కావాలంటే వరండాలోకి పోయి రాసుకోండి."