ఓబులేసు విప్పి పెట్టిన ముళ్లు

ఆగస్టు నెలాఖరున లడాఖ్ వైపు ఒక మంచుకొండ కింద మా క్యాంపులో దిగాను. కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మావాళ్లు అక్కడ డేరాల్లో నడిచే ఆఫీసుల గురించి గొప్పలు పోతుంటే, నేను పద్నాలుగు వేల అడుగుల ఎత్తున ఇంకో డేరాలో చలికి వణుకుతున్నాను. "మంచంటే సల్లగా, హాయిగా ఉంటాది గదప్పా" అని ఇప్పటికీ అడుగుతారు. వాళ్ల మొహం! అక్కడి వేసవి చివర మంచుకొండ అంత చెడ్డది ఇంకొకటి లేదు. తెల్లవారుజామున రాయి, మధ్యాహ్నానికి బురద.

మా పని చిన్నదే. పైన కావలి చోటుకు వైర్‌లెస్ పెట్టె చేర్చాలి. నలుగురం. ముందు గఢ్వాలీ సుబేదారు, వెనక ఒక జాట్ జవాను, తర్వాత నేను. చివర వైర్‌లెస్ మోసే ఓబులేసు. అతనిది కడప జిల్లా, పాపాఘ్ని ఒడ్డున పల్లె. అక్కడ నాతో తెలుగు మాట్లాడే ప్రాణి అతనొక్కడే.

"ఏమప్పా, ఈ కొండ మనూరి పక్కన ఉండింటే ఏడాది పొడుగునా వరి ఏస్తాంటిమి" అనేవాడు.

నాలుగింటికి బయల్దేరి పదకొండుకల్లా గ్లేసియర్ అనే ఆ మంచుమేట దాటాలని ఆర్డరు. బ్యాటరీ మొరాయించి ఆరయింది. బూట్ల కింద జారకుండా ఇనుప ముళ్ల చట్రాలు, నడుములకు నలుగురినీ కలిపే తాడు కట్టుకున్నాం. "తాడు నేను విప్పమంటే విప్పండి. ముళ్లు మాత్రం దాటేదాకా ఎవడూ విప్పొద్దు" అని సుబేదారు హిందీలో రెండుసార్లు చెప్పాడు.

పన్నెండున్నరకు ఇంకా మంచు మీదే ఉన్నాం. ఎండకు పెదాలు పగిలాయి. పైమంచు కరిగి గట్టి ఐసు తేలిన చోట సుబేదారు తాడు విప్పించి, పది నిమిషాలు కూర్చోమని, ముందు దారి చూడబోయాడు. మా సీసాలు ఖాళీ. నాలుగు బారల దూరంలో ఐసు మీదే నీలంగా ఒక కాలువ పారుతోంది. కొంచెం కిందికి పోయి, బావిలాంటి గుంతలో పడుతోంది.

"సూడప్పా, ఎంత తేటగా ఉండాయో! పట్టుకొస్తా" అని ఓబులేసు వైర్‌లెస్ పెట్టె నా పక్కన దించి లేచాడు.

"నాది కూడా ముంచుకోని రారా" అని నా సీసా చేతికిచ్చాను.

కాలువకు ఇవతల అతను కూర్చుని ముళ్లు విప్పాడు. రెండూ పక్కపక్కన పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. తప్పనిపించలేదు. మా సీమలో ఏటి ఇసుకలో చెలమ తవ్వుకుని ఆ నీళ్లు తాగుతాం. చెలమ దగ్గరికి కాళ్లకేమున్నా దూరంగా విడిచే పోవాలి. చెప్పులతో పోయినందుకు మా అమ్మ నా వీపు ఎన్నిసార్లు పగలగొట్టిందో. జాట్ జవాను చూసుంటే అరిచేవాడే. అతను టోపీ మొహం మీద వేసుకుని పడుకున్నాడు.

మొదటి సీసా నిండింది. "అప్పా, సేతులు జివ్వుమంటాండాయి!" అని నవ్వాడు. రెండోది ముంచడానికి వంగాడు. అది నా సీసా. బూటు జారింది. కాలువలో వెల్లకిలా పడ్డాడు. ఆ నున్నటి ఐసుకు చేతులు ఆనలేదు. నేను పరుగెత్తేలోగా గుంతలోకి పోయాడు.

సుబేదారు నడుముకు తాడు కట్టుకుని ఆ గుంతలోకి మూడుసార్లు దిగాడు. లోపల నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. క్యాంపుకు చెప్పడానికి వైర్‌లెస్ నేనే తీశాను.

"ఎంతమంది ఉన్నారు? ఓవర్."

"ముగ్గురం. ఓవర్."

"పొద్దున నలుగురన్నారు. ఓవర్."

సుబేదారు నా చేతిలోంచి తీసుకుని చెప్పాడు.

విచారణలో కెప్టెన్ అడిగాడు, ముళ్లెందుకు విప్పాడని. చెలమ సంగతి చెబితే నవ్వుతారనుకున్నాను. చూస్తూ ఊరుకున్నావా అంటారని భయం కూడా. తెలియదు సార్ అన్నాను. సిగ్గుమాలిన మాట. కాగితంలో 'అజాగ్రత్త' అని రాశారు.

ఆరు నెలలకు సెలవు దొరికింది. ముందు ఓబులేసు ఇంటికే పోయాను. అతని భార్య చెనిక్కాయలు ఒలుస్తోంది.

"అన్నా, అజాగ్రత్తతో పోయినాడని రాసినారంట. కొడవలి గూడా కింద పడెయ్యడే, సూర్లో దోపేటోడు. ఊరంతా ఆ మాటే అంటాండారు."

"కాదు తల్లీ. నీళ్ల కాడికి గదా, కాళ్లవి ఇడిసి పోయినాడు."

ఆమె చేతులు ఆగాయి. "నువ్వు సూస్తాంటివా?"

"సూస్తాంటి."

"పిల్సింటే తిరిగొస్తాండె గదన్నా."

"వస్తాండె."

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మళ్లీ కాయలు ఒలవసాగింది. క్యాంపుకు తిరిగి వెళ్లగానే ఉన్నదున్నట్టు రాసి కెప్టెన్‌కు ఇచ్చాను. నవ్వలేదాయన. ఆ మాట కొట్టేసిన కొత్త కాగితం ఆమెకు చేరిందని తర్వాత తెలిసింది. నాకు మాత్రం అది చాలలేదు.

ఓబులేసు పడటం నాకు కలలోకి రాదు. వచ్చేది ఆ తర్వాతది. మేం దిగడానికి లేచేసరికి ఆ ముళ్లు ఎండకు కాగి ఐసులోకి వేలెడు దిగిపోయాయి. సుబేదారు గొడ్డలితో పెరికి తీశాడు. కింద రెండు పాదాల అచ్చులు మిగిలాయి. వాటి నిండా నీళ్లు. దోసెడేసి, తేటగా.