క్లిప్పులు వేసుకున్న ఏడు, అవ్వ పాట

పళ్ల డాక్టరు గదిలో లవంగ నూనె, రబ్బరు తొడుగులు కలిసిన ఒక చల్లటి ఘాటు వాసన ఉంటుంది. మొన్న హైదరాబాదులో మా తమ్ముడి కొడుకును అలాంటి గదికి తీసుకెళ్తే, వాడు క్లిప్పులకు ఆకుపచ్చ రబ్బర్లే కావాలని మారాం చేసి వేయించుకుని, బయటికొచ్చీ రాగానే నోరంతా తెరిచి ఫొటో దిగాడు. నేనూ నవ్వాను గానీ, ఆ వాసనకు నా చెవులు వేడెక్కాయి. మళ్లీ గోదావరిఖనిలో ఎనిమిదో తరగతి పిల్లనైపోయాను.

మా నాయిన బొగ్గు బాయిలో, అంటే గనిలో, పని చేసేవాడు. మా క్వార్టర్ల కాలనీలో షిఫ్టు సైరన్ కూతకు పొయ్యిలు వెలిగేవి, ఆరేసిన తెల్లచొక్కాల మీద సన్నటి నల్లదుమ్ము వాలేది, వానలు వెనకబడగానే రోడ్డు పక్క మెట్ట చెలకల్లో తంగేడు పచ్చగా విరగబూసేది. ఆ పూలకాలానికి ముందే, ఎత్తుపళ్ల పిల్లనని నలుగురూ అంటున్నారని, నాయిన డ్యూటీకి సెలవు పెట్టి నన్ను కరీంనగర్ బస్సెక్కించి పళ్లకు తీగలు వేయించుకొచ్చాడు.

మా కాలనీలో అప్పటికి అలాంటివి ఎవరూ చూడలేదు. బడిలో ఒకడు "దీని నోట్ల రైలు పట్టాలేసిన్రురో!" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి నేను వరండాలో నడిస్తే చాలు, వెనక నుంచి బొగ్గు రైలు కూత వినిపించేది. ఇంట్లో ఇంకో బాధ. ఇంటికెవరొచ్చినా నాయిన మురిసిపోతూ నన్ను పిలిచేవాడు. "మా బిడ్డకు క్లిప్పులేయించిన. ఏదీ, జర నవ్వు బిడ్డా!" నేను పెదవులు బిగబట్టి నేలకేసి చూసేదాన్ని. నాయిన ముఖం చిన్నబోయేది. వచ్చినవాళ్ల ముందు సిగ్గు, నాయినను చిన్నబుచ్చినందుకు మళ్లీ సిగ్గు.

ఆ ఏడు బతుకమ్మకు మా అవ్వ, అంటే నాయిన తల్లి, ఎప్పటిలాగే కాలనీ మైదానంలో పాటెత్తుకుంది. ఒక్క పన్నూ లేని నోటితో, తను సొంతంగా కట్టుకున్న పాట. బాయిలోకి దిగిన కొడుకు కోసం గుమ్మంలో కూర్చున్న తల్లి పాట. అది ఇంకెవరికీ రాదు. గునుగు, తంగేడు, బంతిపూల బతుకమ్మల చుట్టూ చప్పట్లు, సత్తుపిండిలో బెల్లం వాసన, కొత్త లంగాల గరగర. రెండు మూడు చరణాలకే అవ్వకు ఆయాసం వచ్చింది.

"దమ్మొస్తలేదు బిడ్డా, నువ్వందుకో," అంది.

ఇంట్లో ఆమెతో పాటు ఎన్నోసార్లు పాడిన పాటే. అందుకున్నాను. "సైరన్ కూసేనే" అన్న చోట తీగల సందు నుంచి గాలి ఈలలా బయటికొచ్చింది. పళ్లకు అంటుకున్న సత్తుపిండి అందరికీ కనిపించింది. గోడమీద కూర్చున్న పిల్లలు కూత పెట్టారు. ఆడవాళ్లలోనూ కొందరు నవ్వాపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను నోరు మూసేశాను.

"పండ్లే లేని ముసల్దాన్ని, నాకు లేని సిగ్గు నీకేందే?" అంది అవ్వ. ఇంకెవరో వేరే పాట మొదలుపెట్టారు. ఇంటికొస్తూ అవ్వ నా వీపు నిమిరి, "తియ్యి, వచ్చే ఏడు పాడుదువు," అంది.

ఆ వచ్చే ఏడు తంగేడు పూయకముందే అవ్వకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. తీగలు తీయించుకుని వచ్చిన రోజు నేను ఆమె మంచం దగ్గర కూర్చుని పళ్లు చూపించాను. వేలితో ఒక్కో పన్నూ తడిమింది. ఏదో అనబోయింది, గాలి మాత్రమే వచ్చింది. ఆమె అడగకుండానే పాట ఎత్తుకున్నాను. ఏడాదిగా నోట పలకని పాట, సగంలోనే చరణాలు తారుమారయ్యాయి. అవ్వ కాదన్నట్టు తల ఊపింది. సరిచేయడానికి ఆమెకు మాట లేదు.

పోయినేడు బతుకమ్మకు ఆ వైపు వెళ్లాను. పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గని కోసం మా కాలనీ ఖాళీ చేయించారు. మైదానం ఉన్నచోట ఇప్పుడు లోతైన గొయ్యి, అడుగున తిరిగే లారీలు అగ్గిపెట్టెల్లా కనిపిస్తున్నాయి. అక్కడివాళ్లు మారిన కొత్త కాలనీలో ఆడపిల్లలు డీజే పాటలకు బతుకమ్మ ఆడుతున్నారు. ఒక పెద్దామె నన్ను గుర్తుపట్టి, "మీ అవ్వ ఒక పాట పాడేది గద, నీకొస్తదా?" అని అడిగింది.

"సగం వస్తదమ్మా," అన్నాను.